కడప నుంచి అప్ అండ్ డౌన్ దారులు, ఎండ ఏ పక్క పడుతుందో

కడపలో ఏ పంతుల్నో, బ్యాంకు ఉద్యోగినో "యాడన్నా పోస్టింగు?" అని అడగండి. ఊరి పేరు ఒక్కటే చెప్పి ఊరుకోరు. "మైదుకూరు, అప్ అండ్ డౌన్" అంటారు. "రాయచోటి, అప్ అండ్ డౌన్" అంటారు. ఇల్లూ పిల్లల చదువూ కడపలో, కుర్చీ ఇంకో ఊళ్ళో. ఈ బతుకు ఈ పొద్దు మొదలైంది కాదు. పల్లెవెలుగు బస్సుల కాలంలో ఉంది, బజాజ్ చేతక్ స్కూటర్ల కాలంలో ఉంది, నలుగురు కలిసి ఒక కారులో పోయే ఈ కాలంలోనూ ఉంది. మారినవి బండ్లూ రోడ్లే.

ఆ రోడ్ల సంగతే ఇది. సెలవు దొరికినప్పుడు కెమెరా పట్టుకుని పోయే దారులు కావు. నెలకు ఇరవై రెండు రోజులు, రోజుకు రెండుసార్లు కంటబడే దారులు. ఒక్కసారి చూసిపోయే వాళ్ళకు కొండ కనిపిస్తుంది. రోజూ పోయేవాళ్ళకు ఆ కొండ మీద ఏ నెలలో ఏ చెట్టు ఆకు రాలుస్తుందో, ఏ మలుపులో తడి ఎంతసేపటికి ఆరుతుందో తెలుస్తుంది.

కొత్తగా చేరినవాళ్ళకు పాతవాళ్ళు మొట్టమొదట నేర్పే పాఠం ఎండ లెక్క. రాయచోటి కడపకు దక్షిణాన ఉంది. పొద్దున అటు పోతుంటే తూర్పు ఎడమ చేతి పక్క. సాయంత్రం ఉత్తరానికి తిరిగొస్తుంటే పడమర కూడా ఎడమ చేతి పక్కే. అంటే రెండు పూటలా ఎండ ఎడమ కిటికీ మీదే. బస్సులో నీడ కావాలంటే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ డ్రైవరు వెనక వరసలోనే కూర్చోవాలి. మైదుకూరు ఉత్తరాన ఉంది కాబట్టి లెక్క తిరగబడుతుంది. రెండు పూటలా ఎండ కుడి పక్క, నీడ ఎడమ వరసలో. ఈ లెక్క తెలిసినవాళ్ళు బస్సెక్కుతూనే నేరుగా ఆ వరసకు పోయి సంచీ పెట్టేసేవాళ్ళు. తెలియనివాళ్ళు పొద్దున తప్పు పక్క కూర్చుని, సాయంత్రమన్నా తప్పించుకుందామని పక్క మారి, మళ్ళా ఎండలోనే పడేవాళ్ళు. ఏళ్ళ తరబడి కిటికీ మీద మోచెయ్యి ఆనించి మైదుకూరు దారిలో కారు నడిపినవాళ్ళ కుడి చెయ్యి ఎడమ చెయ్యి కంటే ఒక వన్నె నలుపు.

ఎర్రగుంట్ల పడమర, వాయవ్యాల మధ్య ఉంది. అటు పోయేవాళ్ళకు పొద్దున ఎండ వీపున, సాయంత్రమూ వీపునే. కళ్ళకు ఇంత సుఖమైన దారి కడప చుట్టుపక్కల ఇంకోటి లేదు. రాజంపేట ఆగ్నేయాన ఉంది. రెండు పూటలా ఎండ ముఖం మీదే. అందులోనూ తేడా ఉంది. డిసెంబరులో సూర్యుడు ఆగ్నేయం వైపు జరిగి ఉదయిస్తాడు కాబట్టి పొద్దుటి ప్రయాణం కష్టం. జూన్‌లో వాయవ్యం వైపు జరిగి అస్తమిస్తాడు కాబట్టి సాయంత్రం కష్టం.

మైదుకూరు దారిని ఊళ్ళో అందరూ కర్నూలు రోడ్డు అనే అంటారు. మొదట అది 18వ నంబరు జాతీయ రహదారి, కర్నూలు నుంచి చిత్తూరు దాకా. 2010లో దేశమంతటా నంబర్లు మార్చినప్పుడు 40 అయింది. నాలుగు వరసల రోడ్డు పడకముందు దాని రూపమే వేరు. రెండు పక్కలా చింతలు, వేపలు, అక్కడక్కడ మర్రి. ప్రతి మాను మొదట్లో సున్నం పట్టీ, మధ్యలో జాజు పట్టీ. అది సింగారానికి పూసింది కాదు. వీధి దీపాలు లేని రోడ్డు మీద బండి లైటు పడగానే మాను తెల్లగా మెరిసి రోడ్డు అంచు ఎక్కడుందో చెప్పేది. చింతమాన్లకు నంబర్లు వేసి, కాయ పట్టిన ఏడు ఫలసాయం వేలం పాడేవాళ్ళు. కాయలు రాల్చే రోజుల్లో చెట్టు కింద గోనెపట్టలు పరిచి, రోడ్డు మీదికి ఎగిరిపడ్డ కాయల కోసం పిల్లలు పరిగెత్తేవాళ్ళు. మాఘ ఫాల్గుణాల్లో అక్కడ హారన్ కొట్టకుండా ఎవరూ పోయేవాళ్ళు కాదు. మైలురాళ్ళకు పసుపు తల ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ తల ఉంటే రాష్ట్ర రహదారి. ఆ రంగుల వాడుక ఇప్పటికీ పోలేదు.

ఆ నీడను తలుచుకుంటే బాగుంటుంది గానీ, నడిపేవాళ్ళకు అది అంత మంచిది కాదు. చెట్ల సందుల్లోంచి ఎండ మచ్చలు మచ్చలుగా రోడ్డు మీద పడితే ఆ వెలుగు చీకట్లలో గుంత కనిపించదు. రంగు పోయిన స్పీడు బ్రేకరు అసలే కనిపించదు. నల్లద్దాలు పెట్టుకుని నీడలోకి దూరితే కన్ను సర్దుకునే లోపే బండి చాలా గజాలు ముందుకు పోతుంది. ఊళ్ళలోంచి పోయే పాత రోడ్డు ముక్కలు కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి, చెట్లతో సహా. పది నిమిషాలు ఎక్కువైనా ఫరవాలేదనుకునే పొద్దు అటు తిరగొచ్చు. ఎండ మచ్చల్లో మాత్రం వేగం 40 దాటనివ్వకండి.

చెన్నూరు దగ్గర గాలి మారుతుంది. అక్కడి తమలపాకు తోటలకు పేరుంది. తీగను అవిసె చెట్ల మీదికి పాకిస్తారు. బయటి నుంచి చూస్తే అవిసె గుబురే కనిపిస్తుంది, లోపలంతా చీకటి, చల్లదనం. తోటకు నీళ్ళు పారుతున్న పొద్దు కిటికీ అద్దం దించితే ఆ చల్లదనం రోడ్డు దాకా తగులుతుంది. ఏసీ వచ్చాక ఈ సంగతి తెలియకుండానే చాలామంది చెన్నూరు దాటిపోతున్నారు. తర్వాత పెన్న వంతెన. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడ కనిపించేది ఇసుకే, మధ్యలో సన్నటి పాయ. కార్తీకంలో తుపాను వానలు పడితే ఆ ఇసుక అంతా మునిగి, నీళ్ళు ఎర్రగా, ఒడ్డు నుంచి ఒడ్డుకు. ఎంత పారుతోందో చూడాలని వంతెన మీద బండి ఆపడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నాలుగు వరసల రోడ్డు మీద అది ప్రాణాల మీదికి తెచ్చే సరదా. చూడాలంటే వంతెన దాటి, రోడ్డు అంచు వెడల్పున్నచోట బండి పూర్తిగా దించి నిలిపి, నడిచి రావాలి.

పెన్న దాటాక పొలాల పచ్చదనం కేసీ (కర్నూలు-కడప) కాలవ పుణ్యం. కర్నూలు దగ్గర సుంకేసులలో తుంగభద్ర నుంచి బయల్దేరి, మూడొందల కిలోమీటర్ల పైచిలుకు నడిచి కడప దగ్గర ఆగే కాలవ అది. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. నీటిపారుదలకే కాదు, పడవలు నడపడానికి కూడా. ఖాజీపేట, మైదుకూరు వైపు వరి, పసుపు, ఉల్లి ఆ నీళ్ళవే. ఇక్కడ పండే కేపీ (కృష్ణాపురం) ఉల్లి మన వంటింటికి రాదు, ఓడలెక్కి పై దేశాలకు పోతుంది. ఈ దారి అందమంతా ఆశ్వయుజ, కార్తీకాల్లో చూడాలి. పసుపు ఆకు నడుమెత్తు పెరిగి, గాలికి ఒక్కసారిగా తిరిగి, ఆకు అడుగు వైపు లేత రంగు చూపిస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్వి ఉడకబెట్టేటప్పుడు ఆ వాసన రోడ్డు మీదికి కమ్ముకుంటుంది. కొంచెం మట్టి, కొంచెం ఘాటు, తడి బట్ట ఆరుతున్నట్టు. చొక్కాకు పట్టుకుని ఆఫీసు దాకా వస్తుంది.

ఈ దారిలో గొడవ పెట్టేది రోడ్డు మీద కళ్ళం. కోతలయ్యాక వడ్లు, కొర్ర, కంది కట్టె రోడ్డు మీద పరుస్తారు. ఆరడానికి కొంత, బండ్లు తొక్కి గింజ రాలడానికి కొంత. రైతుకు వేరే చోటు లేక చేసే పని, తిట్టి లాభం లేదు. తెలుసుకుని నడపడమే. గింజల మీద బ్రేకు వేస్తే టైరు కింద గోళీలు పోసినట్టే, బండి జారుతుంది. కాబట్టి వేగం ముందే తగ్గించి, స్టీరింగు నిటారుగా పట్టుకుని, బ్రేకు తాకకుండా దాటాలి. మోటారు సైకిలైతే దాని మీద ఎక్కకుండా పక్క నుంచి పోవడమే మేలు. కట్టె మీద కారు పోతే ఇంకో ప్రమాదం ఉంది. ఎండు పోచలు కింద తిరిగే ఇరుసుకు చుట్టుకుని, సైలెన్సర్ పైపు వేడికి అంటుకుంటాయి. దాటిన తర్వాత కమురు వాసన వస్తే ఏదోలే అని పోకుండా, ఆపి కింద చూడాలి. అన్నిటికంటే చెడ్డవి రాత్రి రాళ్ళు. ధాన్యం మీదికి బండ్లు రాకుండా అంచున వరసగా రాళ్ళు పేరుస్తారు, పొద్దున ధాన్యం ఎత్తుకుని రాళ్ళు మరిచిపోతారు. సంక్రాంతి అయిన రెండు మూడు వారాలు చీకట్లో ఎడమ అంచు పట్టుకుని పోకూడదు.

ఎర్రగుంట్ల దారి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. కమలాపురం దాకా నల్లరేగడి, చలికాలంలో శనగ పైరు, దూరంగా ఆర్టీపీపీ థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు. ఎర్రగుంట్ల దగ్గరికి వచ్చేసరికి ఊరంతా బూడిద రంగు. నాపరాళ్ళ గనులు, పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. నాపరాయి కోసిన నీళ్ళు రోడ్డు మీదికి పారి ఎండితే దుమ్ము, తడిస్తే సబ్బు. ముందు ట్రాక్టరులో రాళ్ళు నిలబెట్టి తోలుతుంటే వెనక ఇరవై గజాలైనా వదలాలి. తాడు తెగితే రాయి పడుకుని రాదు, అంచు ముందుకు పెట్టి వస్తుంది. గాలి ఫిల్టరు మిగతా దారుల్లో పోయేవాళ్ళకు ఏడాది వస్తే ఈ దారి వాళ్ళకు సగం కూడా రాదు. 2021 నవంబరు వరదల్లో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలాక ఈ దారి వాళ్ళు చుట్టూ తిరిగి పోవాల్సొచ్చింది. ఎండ వీపున ఉండే సుఖం తప్ప ఈ దారికి నేను వేసే మార్కులు తక్కువే. ముద్దనూరు వైపు శనగ పూసినప్పటి పొద్దుటి పూట మాత్రం మినహాయింపు.

వేంపల్లి పోయేవాళ్ళకు ఎడమ పక్కన పాలకొండలు చాలాసేపు తోడొస్తాయి. గండి దగ్గర పాపాఘ్ని ఆ కొండను నిలువునా కోసుకుని బయటికొస్తుంది. శ్రావణ శనివారాల్లో గండి ఆంజనేయుడి దగ్గరికి జనం తిరునాళ్ళలా వస్తారు కాబట్టి, ఆ నాలుగైదు వారాలు శనివారం పని ఉన్నవాళ్ళు అరగంట ముందు బయల్దేరాలి.

రాజంపేట దారిది కళ్ళతో పేచీ అని ముందే అన్నాను. దానికి మందు అద్దంలోనే ఉంది. ముందద్దం బయట ఎంత తుడిచినా, లోపలి పక్క ప్లాస్టిక్ ఆవిరి, ఊపిరి కలిసి సన్నటి పొర కట్టి ఉంటుంది. ఎదురెండ పడగానే ఆ పొరే తెల్లటి తెరలా లేస్తుంది. వారానికోసారి లోపలి పక్క తడి బట్టతో తుడిచి, పాత న్యూస్‌పేపరుతో పొడిగా రుద్దితే సగం బాధ పోతుంది. లారీల వెనక పోయీ పోయీ ఇసుక రేణువులు కొట్టి అద్దం మీద సన్నటి గుంతలు పడ్డ కారైతే ఏ తుడుపూ పని చెయ్యదు, అద్దం మార్చాల్సిందే. వైపరు రబ్బరు మన ఎండలకు ఏడాదిలోనే బిరుసెక్కుతుంది. దాన్ని మే నెలలో కాకుండా సెప్టెంబరు ఆఖరున మార్చుకుంటే తుపాను వానలకు కొత్తగా ఉంటుంది.

ఇన్ని చెప్పినా ఆ దారిని వదులుకోలేం. భాకరాపేట దాటాక కొండలు దగ్గరికొస్తాయి. కడపకు పాతిక కిలోమీటర్ల దగ్గర ఒంటిమిట్ట. బస్సు ఆ ఊరు చేరగానే కిటికీల్లోంచి గోపురం వైపు చేతులు జోడించడం, మాట్లాడుతున్నవాళ్ళు మాట సగంలో ఆపి మళ్ళా అందుకోవడం ఈ దారి అలవాటు. అక్కడి రాములవారి కల్యాణం పగలు కాదు, వెన్నెల్లో జరుగుతుంది. రాష్ట్రం విడిపోయాక ప్రభుత్వ లాంఛనాలు అక్కడికే వచ్చాయి. ఆ రోజు మధ్యాహ్నం నుంచే వాహనాలు మళ్ళిస్తారు కాబట్టి అప్ అండ్ డౌన్ వాళ్ళు పొద్దున రైలెక్కడం మేలు. నందలూరు దగ్గర చెయ్యేరు. వేసవిలో చూస్తే ఏరనిపించదు. 2021 నవంబరు 19న ఎగువన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు అదే ఏరు ఊళ్ళను ఊడ్చుకుపోయింది. కడప వంకలతో, ఏళ్ళతో వ్యవహారం ఇట్లాగే ఉంటుంది. పైన ఎక్కడో వాన పడితే కింద ఎండలో నీళ్ళొస్తాయి. చప్టా మీద నీళ్ళు పారుతుంటే లోతు అంచనా వెయ్యడం పనికిరాదు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చి పక్కకు తోస్తుంది. ముందు బస్సు దాటిందని వెనక మన కారు దాటదు. బస్సు బరువు వేరు, దాని నేల ఎత్తు వేరు.

భాకరాపేట దగ్గరే ఎడమకు చీలితే సిద్ధవటం, బద్వేలు దారి. పాత కోట, పెన్న, లంకమల అడవి. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్ళా కనిపించింది ఈ ప్రాంతంలోనే. రాత్రి తిరిగే పిట్ట, రోడ్డు మీద పోయేవాళ్ళకు కనబడేది కాదు. దాని కోసం తెలుగుగంగ కాలవ దారి మార్చారు, మనం ఆ అడవి పక్కన హారన్ తగ్గించుకోలేమా అని మాత్రం అనిపిస్తుంది.

ఇక బండి లెక్క. ఒక వైపు యాభై కిలోమీటర్లంటే రోజుకు వంద, ఇరవై రెండు రోజులకు 2,200. కారు సర్వీసు పుస్తకంలో "10,000 కిలోమీటర్లు లేదా ఏడాది" అని రాసి ఉంటుంది. ఊళ్ళో తిరిగేవాళ్ళు ఏడాది చూస్తారు. అప్ అండ్ డౌన్ బండికి ఆ పదివేలు నాలుగున్నర నెలల్లో నిండుతాయి. ఇది లెక్కేసుకోక ఏడాదికోసారి ఆయిలు మార్చేవాళ్ళ ఇంజన్లే ముందు పొగ వదిలేది. 40,000 వచ్చే టైర్లు ఏడాదిన్నర. మోటారు సైకిలు చెయిను 500 కిలోమీటర్లకోసారి ఆయిలు అడుగుతుంది, అంటే వారానికోసారి, శనివారం సాయంత్రం. టైర్ల గాలి పొద్దున బయల్దేరే ముందు, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మే నెల మధ్యాహ్నం యాభై కిలోమీటర్లు నడిచిన టైరులో గాలి వేడికి పెరిగి నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైందని అప్పుడు తీసేస్తే చల్లబడ్డాక తక్కువవుతుంది. తక్కువ గాలితో తారు వేడి మీద నడిస్తే టైరు పక్కలు మడత పడీ పడీ పగులుతుంది. వేసవిలో టైర్లు పేలేది ఎక్కువ గాలితో కంటే తక్కువ గాలితోనే ఎక్కువ.

ఇప్పుడు రాయచోటి దారి. కడప దారుల్లో దీనికి సాటి లేదు, దీనంత భయపెట్టేదీ లేదు. ఊరు దాటి కొంత దూరం పోగానే ఎదురుగా పాలకొండలు గోడ కట్టినట్టు నిలబడతాయి. పొరలు పొరలుగా పేర్చిన రాయి, పొద్దుటి ఏటవాలు ఎండలో ఒక్కో పొరా వేరుగా కనిపిస్తుంది. కడప సముద్రమట్టానికి దాదాపు 140 మీటర్ల ఎత్తు. రాయచోటి అంతకు రెండింతలకు పైనే. అంటే ఘాట్ ఎక్కాక అవతలి పక్క అంత లోతుకు దిగేది లేదు, పైన మిట్ట మీదే సాగిపోతుంది. దిగుడంతా కడప పక్కనే ఉంది. ఈ ఘాట్‌లో జరిగే ఘోరాలు ఎక్కువగా కడప వైపు దిగే లారీలవే కావడానికి కారణం ఇదే. రాయచోటి దాటి వచ్చే సరుకు లారీ అంతదాకా మిట్ట మీద వచ్చి, ఒక్కసారిగా ఇక్కడ వాలులో పడుతుంది.

పొద్దున మనది ఎక్కుడు. వెనకటి రోజుల్లో ఘాట్‌లో ఎక్కడ చూసినా బానెట్ ఎత్తిన లారీలు, పక్కన బక్కెట్లు. బస్సు డ్రైవర్లు సీటు పక్కన నీళ్ళ డబ్బా లేకుండా బయల్దేరేవాళ్ళు కాదు. చేతక్ మీద ఇద్దరు ఎక్కితే రెండో గేరులో ఏడుస్తూ పోయేది, కొన్ని మలుపుల్లో వెనక మనిషి దిగి నడిచేవాడు. ఇప్పటి కార్లకు అంత కష్టం లేదు గానీ, చిన్న ఇంజన్లో నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని, మే నెలలో లారీ వెనక పాకుతుంటే వేడి ముల్లు లేస్తుంది. అప్పుడు ఏసీ ఆపాలి. ఇంకా లేస్తే హీటర్ వెయ్యాలి. లోపలివాళ్ళు తిట్టుకున్నా ఇంజన్ వేడి కొంత అటు పోతుంది. ఆగాల్సొస్తే వెడల్పు చోటు చూసి ఆపి, రేడియేటర్ మూత జోలికి పోకుండా చల్లబడేదాకా ఆగాలి. వేడి మీద మూత తిప్పితే నీళ్ళు ముఖం మీదికే వస్తాయి.

లారీ వెనక ఎక్కేటప్పుడు నాలుగైదు కార్ల పట్టు దూరం వదలండి. గేరు మార్చబోయి పడకపోతే అది మొదట వెనక్కే జారుతుంది. మలుపులో లారీ లోపలి పక్క ఖాళీ కనబడితే దూరొద్దు. ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు పోవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆ ఖాళీ రెండు సెకన్లలో ఉండదు. ఎదురుగా పొడుగు లారీ మలుపు తిరుగుతుంటే దానికి రోడ్డంతా కావాలి కాబట్టి మలుపు ముందే ఆగిపోవడం మర్యాద, తెలివి కూడా. ఇరుకైన చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. అది మంచితనం కాదు, చట్టం.

ఘాట్ ముఖం ఉత్తరానికి ఉంది. చలికాలంలో దక్షిణంగా జరిగిన ఎండ దాని మీద ఆలస్యంగా, తక్కువగా పడుతుంది. డిసెంబరు, జనవరి పొద్దుల్లో ఎనిమిదైనా కొన్ని మలుపుల్లో రాత్రి మంచు తడి అట్లాగే ఉంటుంది. పొగమంచులో హెడ్‌లైటు పైకి వేస్తే మంచే తెల్లగా తిరిగి కొడుతుంది, కిందికి దించాలి. బండి నడుస్తుండగా నాలుగు ఇండికేటర్లూ వేసుకుని పోయే అలవాటు మానాలి. వెనకవాళ్ళకు నువ్వు ఆగావో, తిరుగుతున్నావో తెలియదు. కానీ ఆ మంచు పైనుంచి చూస్తే, కింద కడప మైదానం పాలు పొంగి నిలిచినట్టు ఉంటుంది. ఫిబ్రవరిలో ఆకులన్నీ రాలిన రాతి వాలు మీద కొండగోగు పూలు, పచ్చగా పసుపు ముద్దలు అతికించినట్టు. తర్వాత మోదుగ. ఏప్రిల్, మే నెలల్లో రేల. ఎర్రచందనం కొత్త చిగుళ్ళూ అప్పుడే. సెప్టెంబరు నుంచి రోడ్డు పక్క గంపల్లో సీతాఫలాలు, కన్ను విచ్చిన కాయ కొంటే ఆఫీసు చేరేలోపు పగులుతుంది, కన్ను లేతగా ఉన్నది కొనండి. కోతులకు మాత్రం ఏమీ వెయ్యొద్దు. పండు కోసం రోడ్డుకు అడ్డం పరిగెత్తడం మనం నేర్పిందే, దాన్ని తప్పించబోయి పడేది వెనక వచ్చే మోటారు సైకిలు.

సాయంత్రం దిగుడు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది బస్సు డ్రైవర్ల పాత మాట, దానికి మించింది ఇంతవరకు రాలేదు. న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు మిగులుతుందని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. కార్బ్యురేటర్ కాలంలో ఏదో కొంత నిజం. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం తామే ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే, ఆగిపోకుండా ఉండడానికి తాగుతాయి. ఇంజన్ పూర్తిగా ఆపితే బ్రేకు పెడల్ గట్టిపడుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. అదే పనిగా బ్రేకు తొక్కితే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదులుతాయి, ఆ వేడి బ్రేకు ఆయిలుకు చేరుతుంది. బ్రేకు ఆయిలు గాల్లోని తేమను పీల్చుకునే రకం. డాట్ 3 రకం కొత్త ఆయిలు 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిందైతే 140కే మరుగుతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి, ఆవిరి నలుగుతుంది, పెడల్ స్పాంజిలా కిందికి పోతుంది, బండి ఆగదు. రెండేళ్ళకోసారి ఆ ఆయిలు మార్చమనేది ఇందుకే. ఘాట్ దారి వాళ్ళు ఇంకా ముందే మార్చడం మంచిది. పెడల్ మెత్తబడితే గబగబా రెండు మూడుసార్లు కొట్టి, గేరు కిందికి దించి, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగి, కొండ పక్కన ఆపాలి. కమురు వాసన వస్తున్న చక్రం మీద నీళ్ళు పోస్తే డ్రమ్ము పగులుతుంది, గాలికి వదిలేయాలి. గేర్లు లేని స్కూటర్లకు ఇంజన్ పట్టు తక్కువ, వేగం బాగా పడిపోతే అసలే వదిలేస్తాయి. అవి దిగేటప్పుడు రెండు బ్రేకులూ మార్చి మార్చి వాడుతూ, మధ్యలో ఒకసారి ఆగి చక్రాలకు విశ్రాంతి ఇవ్వాలి.

చేతక్ దిగుడుకు వేరే చిక్కు ఉండేది. దాని ఆయిలు పెట్రోల్లోనే కలిసి పోయేది, లీటరుకు 20 మిల్లీలీటర్లు. గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఘాట్ అంతా దిగితే పెట్రోలూ పోదు, దాంతో ఆయిలూ పోదు, పిస్టను ఎండిపోయి పట్టేసేది. అందుకని తెలిసినవాళ్ళు ప్రతి మలుపు దాటాక క్లచ్ పట్టి ఒకసారి "ఝుమ్"మనిపించేవాళ్ళు. సాయంత్రం ఆరున్నరకు ఘాట్‌లో ఒకదాని తర్వాత ఒకటి ఆ శబ్దం వినిపిస్తే ఆఫీసులు వదిలారని అర్థం.

దిగుడు మొదలవక ముందు, పైన గువ్వలచెరువులో అందరూ ఆగేవాళ్ళు, ఇప్పటికీ ఆగుతారు. కోవా కోసం, బ్రేకులు చూసుకోవడానికి కూడా. వెడల్పాటి ఇనుప బాండ్లిలో కట్టెల మంట మీద పాలు మరుగుతుంటాయి, తెడ్డు ఒక్క క్షణం ఆగకూడదు, ఆగితే అడుగంటి కోవా అంతటికీ మాడు వాసన పట్టుకుంటుంది. చిక్కటి ఎనుము పాలు అయిదు లీటర్లు మరిగితే కిలో కోవా. ఆ పొద్దు దించిన కోవా వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి నెయ్యి మెరుస్తుంది. రెండు రోజులదైతే అంచున చక్కెర పలుకులు కనిపిస్తాయి. వేడిగా ఉండగానే ప్లాస్టిక్ కవరులో మూట కట్టించుకుంటే ఆవిరి లోపల చెమటపట్టి రాత్రికే పులుపు తిరుగుతుంది, ఆరేదాకా కాగితంలోనే ఉంచాలి. డ్యాష్‌బోర్డు మీద పెట్టొద్దు, ఎడమ సీటు మీదా పెట్టొద్దు. కడప చేరేదాకా ఎండ ఎడమ పక్కే కాబట్టి, పొట్లం డ్రైవరు వెనక సీట్లో, కింద.